ఫ్లికర్ ప్రో రివ్యూ: ఫోటోని ఉన్నదున్నట్టు పెట్టుకోడానికి ఒక చోటు

ఫోటోలు పెట్టుకునే వెబ్‌సైటు ఫ్లికర్‌ని ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను వాడుతున్నాను, ప్రో అనే వాళ్ల చందా ఖాతా తీసుకుని డబ్బులు కట్టి మరీ వాడుతున్నాను, అందుకే ఈ రివ్యూ. ముందే చెప్పేస్తా, దీనికి ఎవరూ నాకు పైసా ఇవ్వలేదు, రిఫరల్ లింకులు గట్రా ఏమీ లేవు, బాగున్నవీ బాగోనివీ రెండూ రాస్తాను. మాది ఏలూరు. బతుకుతెరువు పెళ్లి ఫోటోలు. ముహూర్తాలు లేనప్పుడు, ముఖ్యంగా పుష్యమాసంలో, పెద్ద లెన్సు వేసుకుని కొల్లేరు వైపు పోతుంటాను, ఎందుకంటే మాకు పని ఉండని ఆ నెలలోనే అక్కడ పక్షులు నిండుగా ఉంటాయి.

అసలు ఫ్లికర్ ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలంటే ఆటపాక గురించి చెప్పాలి. కైకలూరు దగ్గర కొల్లేరు పక్షుల కేంద్రం అది, పడవలో తీసుకెళ్లి చూపిస్తారు. గూడబాతులు, అదే పెలికాన్లు, అక్కడ చాలావరకు అటవీశాఖ వాళ్లు నీళ్లలో పాతిన ఇనప స్టాండ్ల మీద గూళ్లు పెడతాయి. చెట్లు సరిపోవు కాబట్టి స్టాండ్లు వేశారు, పక్షులు ఒప్పుకున్నాయి, పిల్లల్ని పెంచుకుంటున్నాయి. నాకైతే అదే పెద్ద విశేషం. కానీ మీరు ఆన్‌లైన్‌లో చూసే ఆటపాక ఫోటోల్లో ఆ స్టాండ్లు దాదాపు కనిపించవు. పడవ నడిపే ఆయన నాతో కూడా అన్నాడు, "బాబూ, ఆ ఇనప స్టాండ్లు రాకుండా ఇటు నుంచి తీసుకోండి, అందరూ ఇక్కణ్ణించే తీస్తారు" అని. పాపం ఆయన మంచికే చెప్పాడు. ఆ కోణం నుంచీ తీశాను, బాగానే వచ్చింది. తర్వాత స్టాండు మొత్తం వచ్చేలా కూడా తీశాను, తుప్పు పట్టిన కమ్మీలు, వాటి మీద తెల్లగా చారలు కట్టిన రెట్ట, పుల్లలతో కట్టిన గూడు, అందులోంచి ముక్కు పైకెత్తి తల్లి గొంతు సంచిలో తల దూర్చేసిన పిల్ల. ఈ రెండో ఫోటో లేకుండా మొదటిదాన్ని ఒక్కదాన్నే పెడితే కొల్లేరు గురించి సగమే చెప్పినట్టు.

ఈ రెండూ పక్కపక్కన, నేననుకున్న వరసలో, కింద నాలుగు పేరాల తెలుగు రాసుకునేంత జాగాతో పెట్టుకోడానికి ఒక చోటు కావాలి. ఫ్లికర్ ఆల్బమ్ ఆ పని చేస్తుంది. గూడబాతుల తర్వాత చేపల చెరువుల గట్లు పెట్టాను, నీళ్ల మీద గీతలు గీసినట్టు ఉంటాయి పైనుంచి చూస్తే. కొల్లేరుకి 2002లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేల అనే గుర్తింపు వచ్చింది, ఐదో కాంటూరు (అభయారణ్యం హద్దు గీత) లోపల ఉన్న చేపల చెరువుల గట్లని 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో పగలగొట్టేశారు, ఆ గొడవ ఇప్పటికీ మా వైపు ప్రతి ఎలక్షన్‌లో వస్తుంది. చెరువుల మీద బతికేవాళ్లు నాకు తెలుసు, పక్షుల కోసం పోరాడేవాళ్లు కూడా తెలుసు. ఇవన్నీ రాసి పెడితే ఎవరూ నన్ను అడ్డుకోలేదు, పక్షి ఫోటోకి కింద రాజకీయం ఎందుకన్నవాళ్లూ లేరు. చూసినవాళ్లు తక్కువే. కానీ చూసినవాళ్లు చదివారు, ఒకాయన ఫలానా గట్టు ఇప్పుడు లేదని కామెంట్‌లో చెప్తే క్యాప్షన్‌లో ఆ మాటా చేర్చాను.

ఇన్‌స్టాతో పోల్చక తప్పదు, ఎందుకంటే మా వృత్తిలో అందరం అక్కడే ఉన్నాం, నేనూ ఉన్నాను. అది చెడ్డదని అనను. పెళ్లి ఆర్డర్లు అక్కణ్ణించే వస్తాయి. కానీ 2021లో దాని అధిపతి ఆడమ్ మొస్సేరీయే మేమిక ఫోటోలు పంచుకునే యాప్ కాదు అని పైకి చెప్పేశాడు, 2025 మొదట్లో ప్రొఫైల్ గ్రిడ్‌ని చతురస్రం నుంచి నిలువుకి మార్చేసరికి ఏళ్ల తరబడి వరసలు కట్టి పేర్చుకున్నవాళ్ల పేజీలన్నీ అడ్డదిడ్డంగా అయ్యాయి. అక్కడ ఫోటో కుదించుకుపోతుంది, కెమెరా వివరాలు చూసేవాడికి కనపడవు, రీల్‌లో మూడో సెకనుకి ఏదో ఒకటి పేలకపోతే వేలు పైకి జరిగిపోతుంది. ఆ తొందరకి పనికొచ్చే ఫోటోలు వేరు. నేను తీసినవాటిలో నాకు బాగా ఇష్టమైనవి ఆ తొందరకి ఆగేవి కావు.

ఫ్లికర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఫోటో కింద కనిపించే వివరాలు, ఎక్సిఫ్ అంటాం కదా, అవి. ఏ కెమెరా, ఏ లెన్సు, షట్టర్ ఎంత, ఐఎస్ఓ ఎంత, అన్నిటికంటే ముఖ్యంగా ఏ తేదీన తీశారు. ఎగిరే గూడబాతు ఫోటో కింద షట్టర్ 1/2000 సెకను అని ఉంటే కొత్తగా నేర్చుకునే కుర్రాడికి అదే పాఠం. ఎక్సిఫ్ ఉన్నంత మాత్రాన ఫోటో మార్చలేదని కాదు, దాన్ని దాచొచ్చు, చెరపొచ్చు, ఆకాశం మార్చేసిన తర్వాత కూడా తేదీ అలాగే ఉండొచ్చు. అందుకే నేను ఏం చేశానో క్యాప్షన్‌లో రాస్తాను, కత్తిరించాను, నీడలు కొంచెం తేల్చాను, ఒక తీగ చెరిపాను అని. చెరిపిన తీగ గురించి చెప్పడం వల్ల ఫోటో విలువ తగ్గిపోయిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

తేదీ దగ్గరికి వద్దాం, నిజాయతీగా అమ్ముకోవడం అనే మాట అక్కడే మొదలవుతుంది నా వరకు. పాడేరు పక్కన వంజంగి మేఘాల కొండ తెలుసు కదా. తెల్లవారుజామున కొండెక్కితే కింద లోయంతా పాలసముద్రంలా మేఘాలు. ఆ దృశ్యం నిజంగానే ఉంటుంది, చలికాలంలో, రాత్రి వాతావరణం కుదిరితే. మేఘం పట్టని తెల్లవారుజాములు కూడా ఉంటాయి, అప్పుడు మామూలు కొండలే కనిపిస్తాయి, అవీ అందంగానే ఉంటాయి. లంబసింగిదీ అదే కథ, ఆంధ్రా కశ్మీర్ అని పేరు పెట్టేసరికి మంచు కురుస్తుందనుకుని ఎండాకాలంలో పిల్లల్ని వేసుకుని వచ్చి ఉసూరుమంటూ తిరిగెళ్లేవాళ్లని చూశాను. వాళ్లని అక్కడికి రప్పించినవి ఫోటోలే, తేదీ లేని ఫోటోలు.

ఆ వైపే ఒక రిసార్టు వాళ్లు (పేరు వద్దు) ఒకసారి నన్ను పిలిచారు, రెండు రోజులు ఉచితంగా ఉండండి, భోజనాలు మావే, మా రిసార్టు ఫోటోలు తీసి మీ పేజీలో మీకు నచ్చి మీరే రాసినట్టు పెట్టండి అని. ఒక షరతు, మా బాల్కనీ ముందు మేఘాలు ఉండాలి, లేకపోతే ఎడిటింగ్‌లో వేసేయండి. వద్దన్నాను. మన దేశంలో దీనికి రూల్స్ ఉన్నాయని చాలామంది ఫోటోగ్రాఫర్లకి తెలియదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనలకి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చారు, డబ్బే కానక్కర్లేదు, ఉచిత బస, ఉచిత వస్తువు తీసుకున్నా అది ప్రకటన అని జనానికి కనపడేలా, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో ఆఖర్న దాచేస్తే కుదరదు. జరిమానా సంగతి పక్కన పెట్టినా, మనం తీసిన ఫోటో నమ్మి ఒక కుటుంబం పది గంటలు కారులో వస్తుందండీ, అది చాలదా? నా వంజంగి ఆల్బమ్‌లో మేఘాలున్న తెల్లవారుజాముల ఫోటోలు, లేని తెల్లవారుజాముల ఫోటోలు పక్కపక్కనే ఉన్నాయి, తేదీలతో. దాన్ని చూసి, మీరు దాచకుండా పెట్టారు కాబట్టి మా అమ్మాయి పెళ్లి మీకే ఇస్తున్నాం అని ఒక తండ్రి ఫోన్ చేశారు. ఆయనకి ఆ లింకు పంపింది నేనే, ఫ్లికర్‌లో వెతికి ఎవరూ రారు, అది కూడా చెప్పాలి.

ఇక కంపెనీ సంగతి. ఇది కూడా ఒక అమ్మకమే కాబట్టి వాళ్లు మనతో ఎలా మాట్లాడుతున్నారన్నది చూడాలి. ఫ్లికర్ 2004లో కెనడాలోని వాంకూవర్‌లో మొదలైంది, ఒక ఆన్‌లైన్ గేమ్ కట్టబోతూ మధ్యలో పుట్టింది. 2005లో యాహూ కొనేసింది. 2013లో అందరికీ ఒక టెరాబైట్ ఫ్రీ అన్నారు, అప్పట్లో అందరం ఎగబడి ఫోన్‌లో ఉన్నదంతా కుమ్మరించాం. 2018లో స్మగ్‌మగ్ అనే ఫోటోగ్రాఫర్ల కంపెనీ కొన్నాక ఫ్రీ ఖాతాకి 1000 ఫోటోలే అని లెక్క పెట్టారు. జనం తిట్టారు. నాకూ కష్టంగానే అనిపించింది, కానీ వాళ్లు చెప్పిన కారణం నాకు నచ్చింది: ఫ్రీ అనేది చాలావరకు ఫ్రీ కాదు, మీ సమాచారం అమ్మో, మీకు ప్రకటనలు చూపించో ఆ డబ్బు రాబట్టుకుంటారు, దానికంటే మీ దగ్గరే సూటిగా తీసుకోవడం మేలు అని. 2019 డిసెంబర్‌లో అయితే సీఈఓ డాన్ మెకాస్కిల్ వాడుకరులందరికీ ఉత్తరం రాశాడు, మేం ఇంకా నష్టాల్లోనే ఉన్నాం, ఎక్కువమంది ప్రో తీసుకుంటేనే నిలబడతాం అని. నష్టాల్లో ఉన్నామని కస్టమర్‌కి చెప్పి కొనమని అడిగే కంపెనీని ఎక్కడ చూశాం మనం? మిలియన్ల మంది నమ్మకం అని బ్యానర్లు కట్టేవాళ్లే కదా అంతా. నేను ప్రో తీసుకోడానికి సగం కారణం ఆ ఉత్తరమే.

ప్రోలో వచ్చేవి: లెక్కలేనన్ని ఫోటోలు, పూర్తి సైజులో, ప్రకటనలు లేకుండా, ఏ ఫోటోని ఎంతమంది చూశారో ఎక్కణ్ణించి వచ్చారో లెక్కలు. ధర డాలర్లలో, ఏడాదికి మన డబ్బుల్లో కొన్ని వేలవుతుంది, రూపాయి పడిపోయినప్పుడల్లా మనకి పెరుగుతుంది. మనలాంటివాళ్లకి అది చిన్న మొత్తం కాదు. చదువుకునే పిల్లలకి అసలే కాదు.

భావ స్వేచ్ఛ విషయంలో ఫ్లికర్ పద్ధతి నాకు చాలావరకు సరైనదే అనిపిస్తుంది. ఫోటో పెట్టేటప్పుడు అది అందరూ చూడదగ్గదా, కొంచెం జాగ్రత్తగా చూడాల్సిందా, పెద్దవాళ్లకి మాత్రమేనా అని మనమే గుర్తు పెట్టాలి, చూసేవాళ్లు ఏది చూడాలో వాళ్ల సెట్టింగుల్లో ఎంచుకుంటారు. తీసేయడం కంటే ముందు చెప్పి చూపించడం మంచి పద్ధతి. నగ్నచిత్రాలు తీసే కళాకారులు, జాతరల్లో మేకపోతుని బలిచ్చే ఫోటోలు తీసే నాలాంటివాళ్లు, ఆస్పత్రి బయట ఏడుస్తున్న మనిషిని తీసే విలేకరి, అందరికీ చోటు ఉండాలంటే ఇలాంటి ఏర్పాటే ఉండాలి. అయితే 2022లో ఒక మార్పు తెచ్చారు, ఈ జాగ్రత్త అవసరమైన ఫోటోలు పెట్టాలంటే ప్రో ఉండాల్సిందే అన్నారు, ఫ్రీ వాళ్లకి ప్రైవేటు ఫోటోలు కూడా 50కి కుదించారు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. కష్టమైన ఫోటో తీసినవాడు డబ్బున్నవాడే అయ్యుండాలా? బలి ఫోటోని చూసేవాడికి హెచ్చరిక చాలు, తీసినవాడికి బిల్లు ఎందుకు? ఖర్చుల బాధ వాళ్లకి ఉంటుంది, కానీ ఆ గీత గీయాల్సిన చోటు ఇది కాదు.

ఇక లైసెన్సులు. దీని మీద తెలుగులో ఎవరూ సరిగ్గా రాయలేదనిపిస్తుంది, కొంచెం ఓపికగా చదవండి. ఫ్లికర్‌లో ప్రతి ఫోటోకి విడివిడిగా హక్కులు ఎంచుకోవచ్చు. సర్వహక్కులూ నావే అనొచ్చు, లేదా క్రియేటివ్ కామన్స్ అనే, ముందే అనుమతి ఇచ్చేసే లైసెన్సు కింద, నా పేరు చెప్పి వాడుకోండి అనొచ్చు. నా ఊళ్ల ఫోటోలు, గుళ్లు, చెరువులు, రైల్వే స్టేషన్లు, ఇవన్నీ పేరు చెప్పి వాడుకునేలా వదిలేశాను. ఎందుకంటే తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల వ్యాసాలు బోలెడున్నాయి, ఫోటో లేనివి బోలెడు. ఫ్లికర్‌లో ఆ లైసెన్సుతో ఉన్న ఫోటోని, వికీపీడియా ఫోటోలు ఉండే వికీమీడియా కామన్స్‌లోకి ఎవరైనా ఎక్కించొచ్చు, అక్కడ ఒక బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాము వచ్చి లైసెన్సు సరిపోయిందా లేదా చూసుకుంటుంది కూడా. ఒక్క విషయం గుర్తుంచుకోండి, వ్యాపారానికి వాడకూడదు, మార్పులు చేయకూడదు అనే షరతులు పెడితే వికీపీడియాకి అది పనికిరాదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద లైబ్రరీలు కూడా తమ పాత ఫోటోలు ఇక్కడే పెట్టాయి, 2008లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌తో ఫ్లికర్ కామన్స్ అనే పాత ఫోటోల సేకరణ మొదలైంది, 2013లో బ్రిటిష్ లైబ్రరీ పాత పుస్తకాల్లోంచి పది లక్షల బొమ్మలు పెట్టింది. సరదాకి ఒక సాయంత్రం అందులో తిరగండి, లేవబుద్ధి కాదు.

కానీ వదిలేశాక అది ఎక్కడికి పోతుందో కూడా తెలిసుండాలి. 2014లో యాహూ హయాంలో, వ్యాపారానికి వాడుకోవచ్చని వదిలిన ఫోటోలని కాన్వాసు మీద అచ్చేసి ఫ్లికరే అమ్మింది, తీసినవాళ్లకి ఒక్క డాలరూ ఇవ్వకుండా. లైసెన్సు ప్రకారం తప్పు లేదు, మనుషుల మధ్య మర్యాద ప్రకారం తప్పే, గొడవయ్యాక ఆపేసి క్షమాపణ చెప్పారు. అంతకంటే నన్ను కలవరపెట్టింది 2019లో బయటపడిన కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం సంగతి. ఫ్లికర్‌లో ఇలా వదిలిన ఫోటోల్లోంచి దాదాపు పది లక్షలు తీసుకుని, మొహాలు గుర్తుపట్టే కంప్యూటర్లకి శిక్షణ కోసం వాడారు. తీసినవాళ్లకి తెలియదు, ఫోటోలో ఉన్నవాళ్లకి అసలే తెలియదు. ఫోటో తీసినవాడు తన హక్కు వదులుకోవచ్చు, మరి ఆ ఫోటోలో నవ్వుతున్న మనిషి ఏమీ వదులుకోలేదు కదా. అది చదివిన దగ్గర్నుంచి నా ఆల్బమ్‌లో మొహం స్పష్టంగా ఉన్న ఏ ఫోటోకీ ఆ లైసెన్సు పెట్టను. ఆటపాక పడవాయన ఫోటో ఆయన్ని అడిగి పెట్టాను, సర్వహక్కులతో, పెద్ద సైజు దించుకోడానికి వీల్లేకుండా. పెళ్లి ఫోటోలైతే పెట్టనే పెట్టను. అడిగి ఒప్పుకున్నవాళ్లవి ఒకటీ రెండూ ఉన్నాయంతే. మన కాపీరైట్ చట్టంలో, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే అని 17వ సెక్షన్ చెప్తోంది. మా వృత్తిలో చాలామంది పెళ్లికూతురు ఏడ్చే క్లోజప్‌ని అడక్కుండా రీల్ చేసి పెట్టేస్తున్నారు, ఆ పిల్లకి అత్తగారింట్లో ఎవరో ఫోన్‌లో చూపిస్తే గానీ తెలియట్లేదు. మా స్వేచ్ఛ అనుకుని చేసేది అవతలివాళ్ల గుట్టుని బజార్లో పెట్టడం అవుతోంది.

బాగోనివి గబగబా చెప్పేస్తాను. తెలుగు ఇంటర్‌ఫేస్ లేదు, ఇంగ్లీషులో తంటాలు పడాల్సిందే. యాప్ సాదాసీదాగా ఉంటుంది, అసలు పని కంప్యూటర్లోనే. గ్రూపులు వేలల్లో ఉన్నా చాలావాటిలో అలికిడి లేదు, అలికిడి ఉన్న కొన్నింట్లో ఒక ఫోటో పెట్టి రెండు ఫోటోలకి అవార్డు బొమ్మ అతికించాలి అనే ఆచారం ఉంది, ఫోటో చూడకుండానే బ్రహ్మాండం అని మెరిసే బ్యాడ్జి అతికించి పోతారు. అలాంటి పొగడ్త నాకొద్దు, ఆ గ్రూపుల జోలికి పోను. ఎక్స్‌ప్లోర్ అని రోజుకి 500 ఫోటోలు వాళ్ల అల్గారిదమ్ ఎంచి చూపిస్తుంది, అందులో పడితే చూసేవాళ్లు ఒక్కసారిగా పెరుగుతారు, ఏ లెక్కన పడతామో అర్థం కాదు. చిన్న పక్షుల గ్రూపులు మాత్రం బంగారం, అక్కడ తప్పు పేరు రాస్తే గంటలో సరిదిద్దుతారు, అదీ మర్యాదగా.

పెద్ద లోపం ఇంకొకటుంది. ప్రో ఆపేస్తే వెయ్యి దాటిన ఫోటోలకి భరోసా లేదు. అంటే మీ సేకరణంతా అద్దె ఇంట్లో ఉన్నట్టే. కాబట్టి అసలు ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో, వీలైతే రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టుకోండి. ఫ్లికర్‌ని చూపించుకునే చోటుగానే వాడండి, దాచుకునే చోటుగా వద్దు.

ఎవరికి పనికొస్తుందంటే, ఒకే ఊరినీ ఒకే చెరువునీ ఏళ్ల తరబడి తీసేవాళ్లకి, రాసే అలవాటున్నవాళ్లకి, తమ పనిని క్లయింటుకి ఒక్క లింకులో, దాపరికం లేకుండా చూపించాలనుకునే ఫోటోగ్రాఫర్లకి. కొత్త ఆర్డర్లు కావాలి, ఫాలోవర్లు పెరగాలి అనుకుంటే డబ్బు దండగ, తీసుకోకండి. ఏదైనా ముందు ఫ్రీ ఖాతాతో మొదలుపెట్టండి, వెయ్యి మంచి ఫోటోలు తీయడానికే చాలా కాలం పడుతుంది. ఖాతా తెరిచిన వెంటనే సెట్టింగుల్లో మూడు చూసుకోండి: లైసెన్సు డిఫాల్ట్‌గా ఏముందో, ఎక్సిఫ్ కనిపిస్తోందో లేదో, ఇంటి దగ్గర తీసిన ఫోటోలకి లొకేషన్ అందరికీ కనపడుతోందా అని. ఈ మూడోది ముందు చూడండి, ముఖ్యంగా ఆడపిల్లలు, పక్షి గూళ్ల ఫోటోలు తీసేవాళ్లు కూడా, గూడు ఎక్కడుందో మ్యాప్‌లో చూపిస్తే మర్నాడు పది కెమెరాలు ఆ చెట్టు కింద ఉంటాయి.